కుక్కపిల్లకి నేలే గుర్తు: కొత్త పిల్లని ఇంట్లో కుదుర్చుకుని, చోటు నేర్పే పద్ధతి

ఎనిమిది వారాల కుక్కపిల్లకి ఇల్లేదో బయటేదో తెలియదు. దానికి తెలిసిందల్లా కాలికింద నేల. మూడో వారం దాటాక పిల్ల తను పడుకునే చోటు వదిలి నాలుగడుగులు పక్కకి జరిగి ఉచ్చ పోసుకోవడం మొదలుపెడుతుంది. ఆ నాలుగడుగుల అవతల దాని పాదాలకి ఏది తగిలితే అదే దానికి అలవాటైపోతుంది. గోనెపట్టా మీద పెరిగిన పిల్ల మీ ఇంట్లో డోర్‌మ్యాట్ వెతుక్కుంటుంది. మట్టి దొడ్లో పెరిగిన పిల్ల మట్టి కోసం చూస్తుంది. నున్నటి టైల్స్ మీద పెరిగిన పిల్లకి మీ హాలంతా పోసుకునే చోటులాగే కనిపిస్తుంది.

అందుకే "ఇంట్లో పోయకూడదు" అని నేర్పబోయి చాలామంది విసిగిపోతారు. అది పిల్ల బుర్రకి అందే మాట కాదు. "ఇదిగో, ఈ నేల మీద పోసుకో" అంటే అందుతుంది. కింద చెప్పేదంతా ఆ ఒక్క నేలని దానికి అలవాటు చేయడం గురించే.

పిల్లని తెచ్చుకునే ముందు ఇచ్చేవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న జాతి గురించి కాదు. "ఇప్పటిదాకా ఎక్కడ పోసుకుంటోంది?" అని అడగండి. వీలైతే ఆ చోటు కళ్లారా చూడండి. పిల్లలన్నీ తిండీ నిద్రా ఉచ్చా ఒకే బోనులో కానిస్తుంటే, పడుకునే చోటు శుభ్రంగా ఉంచుకోవాలన్న సహజమైన గుణం కొంత చచ్చిపోయి ఉంటుంది. అలాంటి పిల్లకి రెండింతల ఓపిక కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు చెబుతున్నాయి. "ఐదు వారాలే, ముద్దుగా ఉంది, తీసుకెళ్లండి" అనేవాళ్ల దగ్గర తీసుకోకండి. కొరికితే నొప్పి పుడుతుందని పిల్ల తెలుసుకునేది ఆ చివరి వారాల్లో తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గరే.

చోటు ముందే తేల్చుకోండి

పిల్ల ఇంటికి వచ్చాక చోటు వెతకడం మొదలుపెడితే అప్పటికే అది తన చోటు తను వెతుక్కుని ఉంటుంది.

పెరడున్న ఇల్లయితే మాట తేలిక. గోడవారగా, తులసికోటకీ బట్టలారేసే తీగకీ దూరంగా ఒక మూల చూసుకోండి. మట్టి లేక గడ్డి ఉండాలి. వాకిట్లో గేటు పక్కన వద్దు. పొద్దున్నే ముగ్గు వేసే చోట పిల్ల పోస్తే ఇంట్లో రోజూ గొడవే. పైగా వీధిలో వెళ్లే ప్రతి బండినీ చూస్తూ పిల్ల వచ్చిన పని మర్చిపోతుంది.

అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీలో మట్టి ట్రే పెట్టండి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, మూడు నాలుగు అంగుళాల అంచు ఉన్న ప్లాస్టిక్ ట్రే సరిపోతుంది. అంచు ఇంకా ఎత్తుంటే చిన్న పిల్ల ఎక్కలేదు. అడుగున రెండంగుళాల ఇసుక, పైన అంగుళం ఎర్రమట్టి పోయండి. నర్సరీలో దొరికే లాన్ గడ్డి ముక్క పరిస్తే ఇంకా మంచిది, తర్వాత పార్కులో గడ్డిని చూడగానే పిల్లకి పని గుర్తొస్తుంది. మట్టి నర్సరీ బస్తాదే అయి ఉండాలి. రోడ్డు పక్క తవ్వి తెచ్చింది వాడకండి, ఎందుకో టీకాల దగ్గర చెబుతాను. దొడ్డికి వెళ్లింది వెంటనే ఎత్తేయాలి. తడిసిన మట్టి రోజూ ఒక గరిటెడు తీసి కొత్తది వేయాలి. వారానికోసారి మొత్తం మార్చాలి. ట్రే కింద ఇంకో ఖాళీ ట్రే ఉంటే కింది అంతస్తు వాళ్ల బాల్కనీలోకి నీళ్లు కారవు.

బాత్రూంలో నేర్పడం మన ఇళ్లలో అందరికీ తట్టే ఉపాయమే. నీళ్లు కొడితే పోతుంది, పని సులువు. కానీ పిల్ల పాదాలకి బాత్రూం టైలుకీ వంటింటి టైలుకీ తేడా తెలియదు. తడిగుడ్డ పెట్టిన హాలు కూడా దానికి బాత్రూం లాగే ఉంటుంది. బాత్రూం తప్ప వేరే దారి లేకపోతే, అందులోనే ఒక మూల గడ్డి ముక్కో మట్టి ట్రేనో పెట్టి దాని మీదే నేర్పండి.

న్యూస్‌పేపరుదీ అదే చిక్కు. మన ఇళ్లలో పేపరు రోజూ నేల మీదే ఉంటుంది. పొద్దున చదివి వదిలేసేదీ, చింతపండు గింజలు తీయడానికి పరిచేదీ, బీరువా సర్దేటప్పుడు వేసేదీ పేపరే. ఆ పేపర్లన్నీ పిల్లకి పిలుపులే. కుక్కపిల్లలు పోసుకోవడానికని అమ్మే ప్యాడ్లు మెత్తగా ఉంటాయి, వాటి మీద అలవాటైన పిల్ల దుప్పటినీ డోర్‌మ్యాట్‌నీ అదే అనుకుంటుంది. ఏ దారైనా సరే, మొదటి రెండు నెలలు నేల మీద ఉన్న డోర్‌మ్యాట్లు, బొంతలు, బాత్రూం పట్టాలు అన్నీ ఎత్తి పెట్టేయండి.

వచ్చిన రోజు

పొద్దున పూటే తీసుకురండి. సాయంత్రం తెస్తే కొత్త చోటు, చీకటి, ఒంటరితనం మూడూ ఒకేసారి మీద పడతాయి. ప్రయాణానికి రెండు గంటల ముందు కడుపు నిండా పెట్టొద్దని చెప్పండి, లేకపోతే కారులో కక్కుతుంది. తల్లీ పిల్లలూ పడుకున్న గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకోండి, రాత్రికి అక్కరకొస్తుంది. తింటున్న తిండి కూడా వారానికి సరిపడా తీసుకోండి.

ఇంటికి రాగానే గడప దాటించకముందే నేరుగా పెరట్లోకి, బాల్కనీ ఉన్నవాళ్లు చంకలో ఎత్తుకుని నేరుగా ట్రే దగ్గరికి తీసుకెళ్లండి. దించి ఊరుకోండి. ఐదు పది నిమిషాలు పట్టినా సరే. మొదటి ఉచ్చ అక్కడ పడితే ఆ వాసనే రేపు మీకు సగం పని చేసిపెడుతుంది. ఇంట్లో ఎక్కడైనా పోసేస్తే దాన్ని తుడిచిన టిష్యూ ట్రే మట్టిలో పెట్టండి.

ఆ రోజు చుట్టాలనీ పక్కింటి పిల్లలనీ పిలవకండి. ఈ వయసు కుక్కపిల్ల రోజుకి పద్దెనిమిది గంటల దాకా నిద్రపోతుంది. నిద్రపోయే పిల్లని లేపి ఎత్తుకునే పిల్లలకి గట్టిగా చెప్పాలి. నిద్ర చాలని కుక్కపిల్ల చీకటి పడేసరికి కనిపించిందల్లా కొరుకుతూ పిచ్చిపట్టినట్టు పరుగెడుతుంది, దాన్ని పొగరనుకుంటారు.

గడియారం మీ చేతిలో ఉండాలి

నిద్రలో పిల్ల ఎంతసేపు ఆపుకోగలదంటే, వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలుపుకుంటే వచ్చే గంటలని ఒక అంచనా. రెండు నెలల పిల్లకి మూడు గంటలన్నమాట. అది పడుకున్నప్పటి లెక్క, అదీ గరిష్ఠం. మెలకువగా తిరుగుతున్నప్పుడు ఆ లెక్క పనికిరాదు. రెండు నెలల పిల్లని ముప్పావుగంటకొకసారి, మూడు నెలల పిల్లని గంటకొకసారి, నాలుగు నెలల పిల్లని రెండు గంటలకొకసారి చోటుకి తీసుకెళ్లాలి. ఇవి కాక తప్పనిసరి వేళలున్నాయి. నిద్ర లేచిన క్షణం. తిన్నాక ఐదు నుంచి ఇరవై నిమిషాల లోపు. నీళ్లు తాగాక పావుగంటకి. ఆట మధ్యలో ప్రతి పది నిమిషాలకి. పడుకోబోయే ముందు.

నిద్ర లేచిన పిల్లని నడిపించకండి, ఎత్తుకెళ్లండి. నడిస్తే దారిలోనే కూర్చుంటుంది. దాని సైగలు పట్టుకోవడానికి మొదటి వారం కూర్చుని చూడండి. ఆడుతున్న పిల్ల ఉన్నట్టుండి ఆట వదిలేస్తుంది. ముక్కు నేలకి ఆనించి గబగబా వాసన చూస్తుంది. ఒకే చోట చిన్న చుట్టు తిరుగుతుంది, వెనక కాళ్లు కాస్త వంగుతాయి, తోక మొదలు పైకి లేస్తుంది. ముక్కు కిందికి పోవడానికీ కూర్చోవడానికీ మధ్య మీకు మూడు నాలుగు సెకన్లే ఉంటాయి. మగపిల్ల కాలెత్తుతుందని ఎదురుచూడకండి, ఆరు నెలలు దాటేదాకా చాలావరకు అదీ కూర్చునే పోస్తుంది.

చోటుకి చేరాక తేలికపాటి లీష్ (మెడపట్టీకి తగిలించే తాడు) కట్టి ఒకే చోట నిలబడండి. ఇనప గొలుసు ఈ వయసుకి బరువు. పిల్ల మొదలుపెట్టగానే ఒక మాట మెల్లగా అనండి, "సుస్సు" అనో ఇంకేదో. ఇంట్లో అమ్మమ్మ నుంచి చిన్నపిల్లల దాకా అందరూ అదే మాట అనాలి. అయిపోయిన రెండు సెకన్లలో అక్కడే బఠాణీ గింజంత ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టండి. చికెన్ వండని ఇళ్లలో పనీర్ ముక్క చాలు. ఇంట్లోకి వచ్చాక పెడితే, ఇంట్లోకి పరుగెత్తుకొచ్చినందుకు బహుమతి అనుకుంటుంది. అలాంటి పిల్ల సగం పోసి ముక్క కోసం లోపలికి దూకుతుంది, మిగతా సగం హాల్లో పడుతుంది. చాలా ఇళ్లలో "బయట పోసి వచ్చి మళ్లీ లోపల పోసింది" అనే ఫిర్యాదు వెనక ఉన్నది ఇదే.

ఐదు నిమిషాలైనా పోయలేదనుకోండి. లోపలికి తెచ్చి వదిలేయకండి. ఒళ్లోనో బోనులోనో పావుగంట ఉంచి మళ్లీ తీసుకెళ్లండి. పోస్తే అరగంట స్వేచ్ఛ, ఒక గదిలో, మీ కళ్లముందు. పోయకపోతే స్వేచ్ఛ లేదు. ఈ ఒక్క సూత్రం తప్పకుండా పాటించిన ఇళ్లలో మూడు నాలుగు వారాల్లోనే తేడా కనిపిస్తుంది. కళ్లముందు ఉంచుకోలేని వేళ, అంటే వంట చేస్తున్నప్పుడూ ఫోన్లో మాట్లాడుతున్నప్పుడూ, లీష్ కొస మీ నడుముకి కట్టుకోండి లేక పిల్లని బోనులో పెట్టండి. బయట పోసిన వెంటనే లోపలికి లాక్కురావడం కూడా తప్పే, పోస్తే ఆట అయిపోతుందని ఆపుకోవడం నేర్చుకుంటుంది. పోశాక రెండు నిమిషాలు అక్కడే ఆడించండి.

బోను అంటే శిక్ష కాదు, పిల్ల గది. నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత చాలు. పెద్దది కొంటే మధ్యలో అడ్డు పెట్టండి, లేకపోతే ఒక మూల పడుకుని ఇంకో మూల పోస్తుంది. తలుపు తీసి ఉంచి తిండి అందులోనే పెట్టడంతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజుల మీదట ఐదు నిమిషాలు మూయండి. మన ఎండల్లో బోనుని కిటికీ ఎండ పడే చోటా గాలి ఆడని గదిలోనూ పెట్టకూడదు. నాలుకంతా బయటపెట్టి రొప్పుతుంటే వెంటనే బయటికి తీయండి.

తప్పు జరిగినప్పుడు

కళ్లముందు పోస్తుంటే చప్పట్లు ఒక్కసారి కొట్టండి, ఆగుతుంది, ఎత్తుకుని చోటుకి వెళ్లండి, మిగతాది అక్కడ పోస్తే ముక్క పెట్టండి. అంతే. పది నిమిషాల కిందట పోసిన మడుగు కనబడితే చేయగలిగింది తుడవడమే. ముక్కుని దాన్లో రుద్దడం, చీపురుతో బెదిరించడం మన దగ్గర ఇంకా ఉన్నాయి. వాటితో పిల్లకి అర్థమయ్యేది ఒక్కటే, మనిషి ఎదుట ఉచ్చ పోయడం ప్రమాదం. ఆ తర్వాత లీష్ పట్టుకుని మీరు గంట నిలబడ్డా పోయదు, మీరు పక్కకి తిరగగానే సోఫా వెనక పోస్తుంది. మీరు అరిచినప్పుడు తల వంచుకునేది తప్పు తెలిసి కాదు, మీ గొంతుకి భయపడి.

తుడవడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. ఫినాయిలుతో తుడిస్తే మనకి శుభ్రమైనట్టే ఉంటుంది, కానీ ఉచ్చ వాసన దాని కింద అలాగే ఉంటుంది, పిల్ల ముక్కుకి బాగా తెలుస్తుంది. పైగా ఫినాయిలు పట్టిన పాదాలు నాకిన పిల్లకి అది విషం. అమ్మోనియా ఉండే క్లీనర్లయితే ఉచ్చ వాసననే గుర్తుచేస్తాయి. పనమ్మాయికి ఈ రెండూ వాడొద్దని ముందే చెప్పండి. ముందు పాత బట్టతో అద్ది పీల్చేయాలి, రుద్దకూడదు. తర్వాత పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైమ్ క్లీనర్ (ఉచ్చని విరగ్గొట్టి వాసన పోగొట్టే ద్రవం) మచ్చ కన్నా అరచేయంత ఎక్కువ మేర పోసి పదిహేను నిమిషాలు వదిలేయాలి. అది దొరకకపోతే, ప్యాకెట్ మీద ఎంజైములున్నాయని రాసి ఉన్న బట్టల పౌడరు పెద్ద చెంచాడు పావు లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి వాడండి. మరిగే నీళ్లు పోస్తే ఎంజైము చచ్చిపోతుంది. చివర మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి ఆరనివ్వండి.

వెనిగర్ గురించి ఒక మాట. టైల్స్ మీద సగానికి సగం నీళ్లు కలిపి వాడొచ్చు. కానీ మనవైపు చాలా ఇళ్లలో ఉండే తాండూరు రాయి, బేతంచెర్ల రాయి, కడప నాపరాయి అన్నీ సున్నపురాయి జాతే. వెనిగర్ పడితే నున్నదనం పోయి తెల్లమచ్చ మిగిలిపోతుంది. పాలరాయికీ అంతే. పాలిష్ లేని నాపరాళ్లు ఉచ్చని సందుల్లోకి పీల్చుకుంటాయి కాబట్టి వాటి మీద ఎంజైమ్ క్లీనర్ రెండు విడతలు పోయాలి.

మీరు ఇంటికి రాగానే వంగి, చెవులు వెనక్కి పెట్టి నాలుగు చుక్కలు కార్చే పిల్ల వేరు. అది వినయంతోనో ఉత్సాహంతోనో జారిపోయేది, దాని చేతిలో లేదు. తిడితే ఎక్కువవుతుంది. లోపలికి వచ్చాక ఐదు నిమిషాలు పట్టించుకోకుండా, తర్వాత పక్కన కూర్చుని గడ్డం కింద నిమరండి. పెరిగేకొద్దీ పోతుంది.

తిండి, నీళ్లు

వేళ తప్పిన తిండికి వేళ తప్పిన దొడ్డి. మూడు నెలల దాకా రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు, గడియారం చూసి పెట్టండి. పావుగంటలో తినకపోతే గిన్నె తీసేయండి. రాత్రి తిండి ఏడున్నరకి అయిపోవాలి. పడుకునే గంట ముందు నీళ్ల గిన్నె తీయొచ్చు, పగలు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి కూడా తీయకండి, ఒకసారి ఎక్కువ లేవడమే నయం.

పాలన్నం పెట్టి పెంచడం మన అలవాటు. ఆవుపాలూ గేదెపాలూ చాలా పిల్లలకి అరగవు, విరేచనాలవుతాయి. విరేచనాలవుతున్న పిల్ల ఆపుకోలేదు, అప్పటిదాకా నేర్పిందంతా వారంలో పోతుంది. కొత్త తిండికి మారాలంటే మొదటి రెండు రోజులు పాతది ముప్పావు కొత్తది పావు, తర్వాత సగం సగం, అలా వారం రోజుల మీద మార్చండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకి విషం. సాంబారు అన్నంలో ఉల్లి ఉంటుందని గుర్తుంచుకోండి.

రాత్రులు

మొదటి మూడు నాలుగు రాత్రులు ఏడుస్తుంది. అప్పటిదాకా ఒక్క రాత్రి కూడా ఒంటరిగా పడుకోని పిల్ల అది. వరండాలో కట్టేసి "రెండు రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది" అనకండి. బోనుని మీ మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేలా పెట్టండి. తల్లి వాసన గుడ్డ పరవండి. చలికాలమైతే గోరువెచ్చని నీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. పడుకున్న మూడు గంటలకి అలారం పెట్టుకుని, అది ఏడవక ముందే మీరే లేపి తీసుకెళ్లండి. లైటు వేయకుండా, మాట్లాడకుండా, పోయించి తెచ్చి పడుకోబెట్టండి. ఆట మొదలైతే రేపు అదే వేళకి ఆట కోసం లేపుతుంది. వారానికి పావుగంట చొప్పున అలారం ఆలస్యం చేస్తూ పోండి. నాలుగో నెల దాటేసరికి చాలా పిల్లలు పదకొండు నుంచి ఐదు దాకా పడుకుంటాయి. అప్పటినుంచి బోనుని కొద్దికొద్దిగా మీకు కావలసిన చోటుకి జరుపుకోవచ్చు.

టీకాలు పూర్తయ్యేదాకా

మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాకా. రేబిస్ టీకా మూడు నెలలకి, మళ్లీ ఏడాదికి. పురుగుల మందు డాక్టరు బరువు చూసి ఇస్తారు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద పిల్లని దించకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. రోడ్డు పక్క మట్టి ట్రేలో పోయొద్దన్నది ఇందుకే. చెప్పులు గుమ్మం బయటే విడవండి. తిండి మానేసి, వాంతులు, రక్తంతో నీళ్ల విరేచనాలు కనిపిస్తే ఆ గంటలోనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి, రేపటికి ఆగకూడదు.

దించకూడదంటే ఇంట్లో మూసి ఉంచమని కాదు. మూడున్నర నెలల లోపు చూసి అలవాటైనవాటికి పిల్ల అంతగా భయపడదు, తర్వాత మొదటిసారి చూసినవాటికి భయపడే అవకాశం ఎక్కువ. చంకలో ఎత్తుకుని ఆటోలు, కూరగాయల బండి, స్కూలు పిల్లలు, గుడి గంట అన్నీ చూపించండి. ఇంట్లో మిక్సీ వేసేటప్పుడు, కుక్కర్ విజిల్ వచ్చేటప్పుడు దూరంగా ఉంచి ముక్క పెట్టండి.

పిల్ల పళ్లు సూదుల్లా ఉంటాయి, ఆటలో గీరుకుపోతుంది. చర్మం తెగితే సబ్బుతో ధారగా నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి. చిన్నపిల్లే కదా అని వదిలేయకూడదు.

వానాకాలం, వెనకడుగు

నాలుగు నెలలు బాగా నేర్చుకున్న పిల్ల జూలైలో మళ్లీ ఇంట్లో పోయడం మామూలే. తడి గడ్డి మీద కాలు పెట్టడం దానికి ఇష్టముండదు. పెరట్లో చోటు మీద రేకో టార్పాలినో కట్టి నేల పొడిగా ఉంచండి, వాసన కూడా కొట్టుకుపోదు. వేసవిలో చిక్కు వేరు. మేడ మీద సిమెంటు నేల కాలితే పిల్ల నిలబడదు. మీ చేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే అది దాని కాళ్లకీ ఎక్కువే.

వాన లేదు, తిండి మారలేదు, అయినా ఉన్నట్టుండి గంటకి నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా పోస్తూ, ముక్కుతూ, ఉచ్చలో ఎరుపు కనిపిస్తే అది మొండితనం కాదు, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. శుభ్రమైన గరిటెలో ఉచ్చ పట్టి చిన్న సీసాలో పోసి డాక్టరుకి చూపించండి.

ఒక గదిలో నాలుగు వారాలు ఒక్క తప్పూ జరగకపోతే రెండో గది తలుపు తీయండి. కొత్త గదిలో మొదటి రోజులు మళ్లీ లీష్ తోనే తిప్పి, అక్కడే ఒకపూట తిండి పెట్టండి, తినే చోట పోయడానికి వెనకాడుతుంది. పూజగదీ, నేల మీద పరుపులు పరిచే గదీ చివరికి ఉంచుకోండి. డోర్‌మ్యాట్లు కూడా అప్పుడే ఒక్కొక్కటిగా కిందికి దించండి. మొదటిది వేసిన రోజు పిల్లని దాని దగ్గర గంటసేపు గమనించండి.